హంగేరీలో బుడాపెస్ట్ కాకుండా సెగెడ్‌లో చదువుకోవడం ఎలా ఉంటుంది?

ప్రశ్న కింద ఇంకో ముక్క కూడా రాశారు మీరు: "సెగెడ్ మరీ పల్లెటూరట కదా, చూడ్డానికి ఏమీ ఉండదట కదా" అని. నాకు మండింది అక్కడే. ఆ ఊళ్లో రెండేళ్లు ఉండి ఎమ్మెస్సీ చేసి వచ్చాను. లక్షా అరవై వేల జనాభా, ట్రాములు, ట్రాలీబస్సులు ఉన్న ఊరది. హంగేరీలో పెద్ద నగరాల లెక్కన మూడోది. దాన్ని పల్లెటూరన్నది ఎవరో నాకు తెలుసు. అమీర్‌పేటలో కూర్చుని బుడాపెస్ట్ పార్లమెంటు ఫొటో గోడకి అంటించుకున్న కన్సల్టెంట్లు.

నేను ఆల్షోవారోష్ అనే పాత పేటలో ఒక మామ్మగారి ఇంట్లో అద్దెకు ఉండేవాడిని. ఆ పేటలో తరతరాలుగా మిరప పండించినవాళ్లుండేవారు. పాత ఇళ్లలో కొన్నింటికి ముందువైపు త్రికోణంలో చెక్కలు సూర్యకిరణాల్లా పరిచి ఉంటాయి. వీధిలోంచి మా పెరట్లోకి వెళ్లాలంటే మాత్రం మూడు మెట్లు దిగాలి. మొదటి రోజే అనుకున్నాను, మా గుంటూరు లాగే ఉందే అని. మా వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి మా గుమ్మాన్ని గోతిలోకి దించారు. వానొస్తే మురిక్కాలవ నేరుగా హాల్లోకే.

జూన్‌లో ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. పెరట్లో మోకాలి లోతు నీళ్లు. మామ్మగారు ఏమాత్రం కంగారు పడకుండా నా చేతికో బకెట్ ఇచ్చి, తనో బకెట్ పట్టుకుంది. ఎనభై దాటిన మనిషి. ఇద్దరం నీళ్లు తోడి తోడి ఆ మూడు మెట్లూ ఎక్కి వీధిలో పోశాం. మధ్యలో నేను, "మీ ఊళ్లో కూడా రోడ్లు ఇలాగే వేస్తారా?" అని విసుక్కున్నాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నా హంగేరియన్ కూరగాయల కొట్టు దాటదు. ఆవిడ మనవడు విషయం చెప్తే పగలబడి నవ్వింది. వీధిది తప్పు కాదట, తిసా నదిదట.

1879 మార్చి 12 తెల్లవారుజామున సెగెడ్ మునిగింది. నది ఊరి పక్కనే ఉన్నా నీళ్లు ఎదురుగా రాలేదు. వారం ముందు ఉత్తరాన గట్టు తెగింది. ఆ నీళ్లన్నీ ఊరి వెనకాల చేరాయి. కొన్ని రోజులు రైలుకట్టే ఆపింది, ఆ రాత్రి అదీ తెగింది. సుమారు 70 వేల మంది ఉన్న ఊరు. 5,700కు పైగా ఇళ్లలో 300 కూడా మిగల్లేదు. ఎక్కువ భాగం పచ్చి ఇటుకల ఇళ్లు మరి, బెల్లం అచ్చుల్లా కరిగిపోయాయి. మామ్మగారి ముత్తవ్వ అప్పటికి చిన్నపిల్ల. మెరక మీద ఉన్న ఆల్షోవారోష్ చర్చి దగ్గరికి మోసుకెళ్లారట. ఆ కథ చెప్తూ మామ్మగారు చీపురు తిరగేసి పట్టుకుని గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూపించింది. నా తలకి పైన జానెడు. అదే ఎత్తు అని నేను ప్రమాణం చేయను గానీ ఆవిడ మాత్రం చేస్తుంది.

తర్వాత ఆస్ట్రియా-హంగేరీ చక్రవర్తి ఫ్రాన్స్ జోసెఫ్ చూడ్డానికి వచ్చి, సెగెడ్ మునుపటికంటే అందంగా లేస్తుందన్నాడని చెప్పుకుంటారు. మన దగ్గర కూడా హెలికాప్టర్లో వచ్చి ఇలాగే అంటారు. తేడా ఏమిటంటే అక్కడ నిజంగా చేశారు. లయోష్ తిసా అనే ఆయనకి (నదిదీ ఆయనదీ ఒకటే పేరు, నవ్వకండి) పూర్తి అధికారాలిచ్చారు. లయోష్ లెహ్నర్ అనే ఇంజనీరు ప్లాన్ గీశాడు. లోపలొక రింగు రోడ్డు, బయటొక రింగు రోడ్డు, వాటిని కోస్తూ మధ్యలోంచి నాలుగు వైపులా వీధులు, మొత్తానికి చుట్టూ ఒక గట్టు. వీధుల్ని మట్టి పోసి ఎత్తు పెంచారు. 1883కల్లా చక్రవర్తి మళ్లీ వచ్చి చూసుకునేంత పని అయిపోయింది. ఇళ్ల వెనక పెరళ్లు నింపడం మాత్రం చాలాచోట్ల మిగిలిపోయింది. నా బకెట్టుకి కారణం అదీ.

సాయం పంపిన నగరాల పేర్లు బయటి రింగు రోడ్డుకి ముక్కలు ముక్కలుగా పెట్టారు: రోమ్, బ్రస్సెల్స్, పారిస్, లండన్, బెర్లిన్, వియన్నా. నేను రోజూ లండన్‌లో సైకిలెక్కి పారిస్ మీదుగా కాలేజీకి వెళ్లేవాడిని. అమ్మకి ఫోన్లో అలాగే చెప్తే చాలా రోజులు నమ్మింది.

ఊరి మధ్యలో రెండు గోపురాల పెద్ద చర్చి కూడా ఆ వరద మొక్కే. 1880లో మొక్కుకుంటే పూర్తయింది 1930లో. మనమే నయం, ఆలస్యమైతే వడ్డీతో సహా తీర్చుకుంటాం.

చదువు సంగతి అడిగారు కదా. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఓడిన హంగేరీ నుంచి చాలా భూభాగం కోసేసిన ట్రియనాన్ ఒప్పందంతో సరిహద్దు సెగెడ్ పక్కకే వచ్చింది, చుట్టుపక్కల ఊళ్లతో వ్యాపారం పోయింది. కానీ కొలోజ్వార్ అనే నగరం రొమేనియాకి పోవడంతో అక్కడి యూనివర్సిటీ 1921లో ఇక్కడికి వచ్చింది. 1937లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త సెంట్ జ్యోర్జి విటమిన్ సి తీసింది ఇక్కడి మిరపకాయల్లోంచే. 2023లో నోబెల్ వచ్చిన శాస్త్రవేత్త కాతలిన్ కారికో చదివింది కూడా ఇక్కడే. ఇక మీరే చెప్పండి, పల్లెటూరా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, ఆ మిరప కారం కాదు. ఎర్రగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది. గుంటూరు వాడినన్న పొగరుతో మామ్మగారి చూరుకి వేలాడుతున్న దండలోంచి ఒకటి తెంపి నమిలేసి, "ఇదీ ఒక మిరపకాయేనా" అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి చెర్రీపండంత గుండ్రటిది ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. పావుగంట సేపు ఆ మూడు మెట్ల మీదే కూర్చున్నాను, ఆవిడ పక్కన పాలగ్లాసు పట్టుకుని నిలబడింది.