నాన్నగారి మారుతి 800ని కరెంటు బండి చేయొచ్చా?

పాత పెట్రోల్ కారుని తక్కువ ఖర్చులో ఎలక్ట్రిక్‌గా మార్చుకోవడం గురించి ఈ నెల చాలా ప్రశ్నలొచ్చాయి. అందులో నాలుగింటికి, ఇంట్లో చార్జింగ్ గురించి వచ్చిన మరోదానికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 ఇంట్లోనే ఉంది. బాడీ బాగుంది, ఇంజిన్ మాత్రం పొగ కక్కుతోంది, ఆయిల్ తాగేస్తోంది. నేను రోజూ స్కూలుకి రానూపోనూ 30 కిలోమీటర్లు తిరుగుతాను. నాన్నగారు పోయి రెండేళ్లయింది, బండి అమ్మబుద్ధి కావడం లేదు. ఇక్కడి మెకానిక్ ఒకాయన ఈ-రిక్షా మోటారు, బ్యాటరీలు పెట్టి లక్షన్నరలో నడిపిస్తానంటున్నాడు. చేయించమంటారా?
(ఒక టీచరు, తణుకు)

చేయించకండి, మేడమ్. బండి మీద మీకున్న మమకారం అర్థమైంది, అందుకే వివరంగా చెప్తాను.

ముందు మోటారు సంగతి. మీ బండి ఇంజిన్ 796 సీసీ, దాని శక్తి సుమారు 27 కిలోవాట్లు. ఈ-రిక్షా మోటారు మామూలుగా ఒకటి, ఒకటిన్నర కిలోవాట్లది. చదునైన రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికే మారుతి 800కి దాదాపు మూడు కిలోవాట్లు కావాలి. ఇద్దరు మనుషులతో రైల్వే ఓవర్‌బ్రిడ్జి లాంటి ఎత్తు 40 వేగంతో ఎక్కాలంటే ఆరు కిలోవాట్లు దాటుతుంది. ఆ చిన్న మోటారు ఖాళీ రోడ్డు మీద బండిని కదిలిస్తుంది, మెకానిక్ మీకు చూపించేది కూడా అదే, కానీ బ్రిడ్జి మధ్యలో వేడెక్కి ఆగిపోయిందంటే వెనకాల లారీ ఉంటుంది. తణుకులో మీరు హైవే ఎక్కకుండా ఎటూ వెళ్లలేరు కదా! ఈ బండికి ఆగకుండా పది కిలోవాట్లు ఇవ్వగలిగే మోటారైనా ఉండాలి.

రెండోది బ్రేకు. మీ బండికి బ్రేక్ బూస్టర్ (పెడల్ తేలిగ్గా నొక్కేలా సాయపడేది) ఉంటే అది ఇంజిన్ పీల్చే గాలి వల్ల వచ్చే వ్యాక్యూమ్‌తో పనిచేస్తుంది. ఇంజిన్ తీసేస్తే వ్యాక్యూమ్ ఉండదు, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. దానికి విడిగా కరెంటు వ్యాక్యూమ్ పంపు పెట్టాలి. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ కూడా పోతుంది కాబట్టి లైట్లకి, హారన్‌కి, వైపర్లకి పెద్ద బ్యాటరీ ప్యాక్ నుంచి 12 వోల్టులు దించి ఇచ్చే కన్వర్టర్ కావాలి. ఏసీ ఉంటే దాని కంప్రెసర్ తిరిగేది ఇంజిన్ బెల్టుతోనే, అదీ మార్చాలి. వీటిలో ఎన్ని పెడతాడో మీ మెకానిక్‌ని అడిగి చూడండి. బూస్టర్ గురించి అడగ్గానే తడబడితే అక్కడితో ఆ మాట వదిలేయండి.

మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. ఎలక్ట్రిక్‌గా మార్చడానికి దారి ఉంది, కానీ ఇలాంటి మార్పిడి కిట్ల కోసం ఉన్న ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్ష పాసైన కిట్టే వాడాలి. ఆ పరీక్షలు పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు చేస్తాయి. కిట్‌కి వచ్చే అనుమతి ఫలానా మోడల్ కారుకి అని వస్తుంది, ఆల్టోకి పాసైన కిట్ తెచ్చి 800లో పెడతానంటే చెల్లదు. బిగించేవాళ్లు కూడా కిట్ కంపెనీ అధికారం ఇచ్చినవాళ్లే అయ్యుండాలి. ఆ కాగితాలతో ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తే ఆర్‌సీలో ఇంధనం మారుతుంది.

అలాంటి కిట్‌కి ఖర్చు నాలుగు నుంచి ఆరు లక్షల దాకా చెప్తూ వచ్చారు. హైదరాబాద్‌కి చెందిన ఈట్రియో అనే కంపెనీ ఆల్టో, వేగనార్ కిట్లకి ఏఆర్ఏఐ అనుమతి తెచ్చుకుని, తర్వాత సరుకు రవాణా ఎలక్ట్రిక్ ఆటోల వైపు వెళ్లింది. పాత కారు మీద అంత డబ్బు పెట్టే ఇళ్లు తక్కువే అన్నది నాకు అర్థమైన కారణం.

మీ లెక్కే చూద్దాం. లీటరు 110, మైలేజీ 16 అనుకుంటే రోజుకి 206 రూపాయల పెట్రోలు. కరెంటు మీద 30 కిలోమీటర్లకి మూడున్నర యూనిట్లు, యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా 32 రూపాయలు. నెలకి 25 రోజులకి నాలుగు వేల మూడు వందల పైచిలుకు మిగులు. ఐదు లక్షలు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. ఈలోపు మీ ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతూ ఉండాలి, ప్రతిసారీ ఫిట్‌నెస్ (ఎఫ్‌సీ) పరీక్షకి బండి నిలబడాలి.

నా మాట వింటే, ఇంజిన్ విప్పించి బోరు, రింగులు, వాల్వు సీళ్లు చేయించండి. పొగ, ఆయిల్ తాగడం రెండూ వాటితోనే పోతాయి. మారుతి 800 తయారీ 2014లో ఆగినా సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి, ఈ ఇంజిన్ విప్పి బిగించడం తెలిసిన మేస్త్రి ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. లక్షన్నరలో సగం కూడా కాదు. స్కూలుకి ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుని, ఆదివారాలు నాన్నగారి బండి తీయండి. రోజూ కారులోనే వెళ్లాలంటే సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు వెతకండి. టాటా టియాగో ఈవీ 2022లో, ఎంజీ కామెట్ 2023లో వచ్చాయి, అవి ఇప్పుడు చేతులు మారుతున్నాయి. బ్యాటరీ వారంటీ మిగిలి ఉందో లేదో, అది కొన్నవాళ్ల పేరుకి మారుతుందో లేదో చూసుకోండి.

ప్రశ్న: వీడియోల్లో ఎంతోమంది ఇంట్లోనే మార్చుకుని రోడ్డు మీద తిరుగుతున్నారు. పట్టుకుంటే ఫైన్ కట్టేస్తే సరిపోతుందిగా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

సరిపోదండీ. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అయినా నాకు భయం దాని గురించి కాదు. ఇన్సూరెన్స్ కాగితంలో పెట్రోల్ అని ఉండి బండిలో బ్యాటరీ ఉంటే, ప్రమాదం జరిగిన రోజు కంపెనీ ముందు చూసేది అదే. ఎదుటివాడికి కాలు విరిగితే ఆ పరిహారం చివరికి మీ మెడకు చుట్టుకోవచ్చు. వీడియోలో వాళ్లు చూపించేది బండి కదిలిన మొదటి రోజు. ఆరు నెలల తర్వాత ఆ బండి ఎలా ఉందో ఎంతమంది చూపించారు?

ప్రశ్న: ఇంట్లో, షాపులో కలిపి ఆరు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఇన్వర్టర్ బ్యాటరీలున్నాయి. కారు మార్పిడికి వాటిని వాడితే ఖర్చు తగ్గదా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

ఒక్కోటి 55 కిలోల పైనే ఉంటుంది. ఆరు పెడితే 330 కిలోలు. మారుతి 800 మొత్తం బరువే 650 కిలోల చుట్టూ ఉంటుంది, అంటే సగం బండిని డిక్కీలో మోస్తున్నట్టు. వెనక స్ప్రింగులు కూర్చుండిపోతాయి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది, రాత్రి హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

పైగా ఆ 150 అన్న సంఖ్య 20 గంటలపాటు నిదానంగా వాడుకున్నప్పటి లెక్క, అంటే గంటకి ఏడున్నర ఆంపియర్లు. కారు వంద ఆంపియర్లు లాగుతుంది. అంత వేగంగా లాగితే సీసం బ్యాటరీ దాచుకున్నదాంట్లో సగం కూడా ఇవ్వకపోవచ్చు, అలా రోజూ చేస్తే ఏడాది తిరక్కుండా చస్తుంది. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారు కూడా సీసం బ్యాటరీలతోనే నడిచింది కదా అంటారేమో, అవి బండ్లు లాగడానికి చేసిన బ్యాటరీలు, కారు కూడా వాటి చుట్టూ కట్టిందే. మీవి ఫ్యాన్లు తిప్పడానికి చేసినవి, వాటిని ఆ పనిలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: డిప్లొమా చివరి సంవత్సరం, నలుగురం కలిసి పాత కారు ఒకటి ఎలక్ట్రిక్ చేద్దామనుకుంటున్నాం. కాలేజీ గ్రౌండ్ దాటి బయటికి తీసుకెళ్లం. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?
(ఒక విద్యార్థి, వరంగల్)

మీ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది తమ్ముడూ. గ్రౌండ్ దాటనంటున్నారు కాబట్టి ధైర్యంగా చేయండి.

ఇంజిన్, సైలెన్సర్, రేడియేటర్, ట్యాంకు తీసేయండి, గేర్‌బాక్స్ ఉంచండి. మోటారుని గేర్‌బాక్స్‌కి కలిపే అడాప్టర్ ప్లేటు, కప్లర్ దగ్గరే అసలు పని ఉంటుంది. ప్లేటుని కంటి అంచనాతో గ్యాస్ కటింగ్ చేయించకండి. మంచి లేత్ మేస్త్రి దగ్గరకి వెళ్లి డయల్ గేజ్ పెట్టించి, మోటారు షాఫ్టు, గేర్‌బాక్స్ షాఫ్టు ఒకే గీత మీద తిరుగుతున్నాయో లేదో చూడండి. వెంట్రుక మందం తేడా ఉన్నా మొదటి రోజు చిన్న గుయ్‌మనే చప్పుడొస్తుంది, పదో రోజుకి బేరింగ్ పోతుంది. మీ బడ్జెట్‌లో దేనికైనా రెండు వేలు ఎక్కువ పెట్టాల్సి వస్తే ఆ లేత్ పనికే పెట్టండి.

బ్యాటరీకి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ తీసుకోండి. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, 24 వరసగా కలిపితే 76.8 వోల్టులు. 100 ఏహెచ్ సెల్స్ అయితే 7.68 యూనిట్లు. అందులో 80 శాతం వాడుకుంటే, కిలోమీటరుకి 100 వాట్ అవర్ చొప్పున 60 కిలోమీటర్లు వస్తాయి. సెల్స్ బరువు 50 కిలోల చుట్టూనే. ప్రతి సెల్ వోల్టేజీని కాపలా కాసే బీఎంఎస్ బోర్డు లేకుండా ఒక్కసారి కూడా చార్జి పెట్టొద్దు.

ఇప్పుడు చెప్పేది నలుగురూ కూర్చుని చదవండి. కొన్నేళ్ల కిందట ఒక షెడ్డులో ఇలాంటి పనికే సాయానికి వెళ్లాను. సెల్స్‌ని కలిపే లోహపు పట్టీల (బస్‌బార్) నట్లు బిగిస్తున్న కుర్రాడి చేతిలోంచి 10 నంబరు స్పానర్ జారి ప్యాక్ మీద అడ్డంగా పడింది. ఫట్‌మని తెల్లటి వెలుగు, రెండు నిమిషాలు ఎవరికీ కళ్లు కనపడలేదు. స్పానర్ ఎగిరి గోడ దగ్గర పడింది, తీసి చూస్తే దాని అంచులో జామకాయని కొరికినట్టు అర్ధచంద్రాకారం ముక్క మాయమైంది. ఆ ఇనుము కరిగి చిమ్మింది. అతని చెయ్యి జానెడు దూరంలో ఉంది కాబట్టి బతికిపోయాడు.

అందుకని స్పానర్లకి పిడి నుంచి మెడ దాకా ఇన్సులేషన్ టేప్ చుట్టండి. ఉంగరం, వాచీ, చేతికున్న కడియం తీసేయండి. బిగిస్తున్న రెండు సెల్స్ తప్ప మిగతావన్నీ రబ్బరు షీటుతో కప్పి ఉంచండి. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వచ్చి పోతుంది, స్విచ్ తీసినప్పుడు నిప్పురవ్వ అందుకే ఆరుతుంది. డీసీ అలా ఆగదు, గాలిలో కూడా మండుతూనే ఉంటుంది. కాబట్టి ఫ్యూజు, కాంటాక్టర్ (తాళం తిప్పితే ప్యాక్ కరెంటుని కలిపే పెద్ద స్విచ్చి), మామూలు స్విచ్చి అన్నీ మీ వోల్టేజీకి తగ్గ డీసీ రేటింగ్‌వే కొనండి. మోటారుకి కరెంటుని అదుపు చేసి ఇచ్చే కంట్రోలర్‌లో కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు ప్యాక్‌ని నేరుగా కలిపితే కాంటాక్టర్ మొనలు అతుక్కుపోతాయి, అతుక్కుంటే తాళం తీసినా కరెంటు ఆగదు. ముందు రెసిస్టర్ గుండా కొన్ని సెకన్లు నింపి, ఆ తర్వాత కాంటాక్టర్ వేయాలి. డ్రైవర్ చేతికందేలా ఎర్ర ఎమర్జెన్సీ స్విచ్ పెట్టండి, కారు కదలకముందే దాన్ని పదిసార్లు నొక్కి చూడండి.

మొదటిసారి జాకీల మీద చక్రాలు లేపి తిప్పండి. ఆ రోజు లెక్చరర్ పక్కన ఉండాలి.

ప్రశ్న: కంపెనీ ఎలక్ట్రిక్ కారు కొన్నాం. ఇంట్లో మామూలు సాకెట్‌లో పెడితే ఏమవుతుంది?
(ఒక గృహిణి, నెల్లూరు)

ఫ్యాన్‌కి, టీవీకి వాడే చిన్న సాకెట్ వద్దమ్మా. ఏసీకి వాడే 15 ఆంప్స్ సాకెట్ ఒకటి, మెయిన్ బోర్డు నుంచి విడిగా వైరు లాగించి, దానికే సొంతంగా, లోడు ఎక్కువైతే పడిపోయే ఎమ్‌సీబీ, షాక్ కొడితే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి చూపించుకోండి, కొన్ని పాత ఇళ్లలో మూడో పిన్ ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. మొదటి వారం చార్జింగ్ మొదలైన గంటకి ఆ ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆన్చలేనంత వేడెక్కితే చార్జింగ్ ఆపేసి, సాకెట్ మార్పించాకే మళ్లీ పెట్టండి.