ఖాళీ గదికి అద్దె కట్టినవాడి మాట

"అన్నా, కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. చదువు మధ్యలో జీతానికి పనిచేసే కో-ఆప్ ఉంది కాబట్టి మొదటి ఏడాది ఫీజు కట్టుకుంటే చాలు, తర్వాత నీ జీతంతోనే చదువు నడిచిపోతుందని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు. నిజమేనా?" అని ఖమ్మం నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

కాదు తమ్ముడూ. ముందు ఆ మాట మీ నాన్నగారికి చెప్పి వచ్చి, మిగతాది చదువు. కో-ఆప్ జీతంతో అద్దె, తిండి, బస్సు గడుస్తాయి. ఫీజు తీరదు. బయటి దేశాల పిల్లలకు అక్కడ ఇంజనీరింగ్ ఫీజు ఇప్పుడు ఏడాదికి 60 వేల డాలర్ల పైమాటే. నాలుగు నెలలు పనిచేసే కుర్రాడికి ఎవడు ఎంత జీతమిస్తే అది తీరుతుంది?

ఇదే లెక్క 2009లో నేనూ తప్పుగా వేశాను. మాది తెనాలి. కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో చేరాను. 1957లో ఆ యూనివర్సిటీ పుట్టినప్పటి నుంచీ కో-ఆప్ ఉంది: నాలుగు నెలలు క్లాసు, నాలుగు నెలలు ఉద్యోగం, మళ్ళీ క్లాసు. ఎనిమిది స్టడీ టర్ములు, ఆరు వర్క్ టర్ములు కలిపితే నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల సంగతి గుర్తుపెట్టుకో, దీనితో పని ఉంది. నీది సాఫ్ట్‌వేర్ కాబట్టి ముందు రెండు టర్ములు వరసగా చదివి, మే నెలలో మొదటి ఉద్యోగానికి వెళ్తావు. మాది ఇంకో స్ట్రీమ్, అంటే టర్ముల వరస వేరు. సెప్టెంబరులో విమానం దిగితే జనవరికల్లా ఉద్యోగంలో ఉండాలి. బస్సులో చిల్లర ఎక్కడ వెయ్యాలో తెలియకముందే రెజ్యూమె పెట్టాలన్నమాట.

నా మొదటి రెజ్యూమె మూడు పేజీలు. పైన పాస్‌పోర్టు ఫొటో. తర్వాత నాన్న పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు. చివర "పై వివరాలన్నీ సత్యమని ప్రమాణం చేస్తున్నాను" అని సంతకం, తేదీ, ఊరు. కెరీర్ సెంటర్లో ఒక పెద్దావిడ దాన్ని మూడు పేజీలూ ఓపికగా చదివింది. పెన్సిల్ తీసి ఫొటో మీద ఒక గీత, నాన్న పేరు మీద ఒక గీత, ప్రమాణం మీద పెద్ద గీత కొట్టింది. చివరికి నా పేరూ, ఇంటర్లో సరదాకి రాసిన లైబ్రరీ ప్రోగ్రామూ మిగిలాయి. "ఇదిగో, దీని గురించి చెప్పు" అంది. ఆ ప్రోగ్రాము గురించి నాలుగు లైన్లు రాసిన తర్వాతే నాకు మొదటి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మీ తరానికి ఇవన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి కాబట్టి ఎక్కువ చెప్పను. ఒకే పేజీ, నువ్వు కట్టిన వస్తువు, అంతే.

అప్పట్లో ఉద్యోగాలు జాబ్‌మైన్ అనే సైటులో వచ్చేవి, ఇప్పుడు వాటర్లూవర్క్స్. మొదట అందరికీ తెలిసిన పెద్ద పేర్లకే పెట్టి, ఒక్కరూ పిలవక అక్టోబరంతా పోగొట్టుకున్నాను. నవంబరు చివర్లో ఆటవా శివార్లలోని కనాటాలో ఒక కంపెనీ టెస్టింగ్ పనికి తీసుకుంది. గంటకు 15 డాలర్లు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. గంటకు 15, వారానికి ముప్ఫై ఏడున్నర గంటలు, 16 వారాలు. మొత్తం 9,000 డాలర్లు. అప్పుడు కెనడా డాలరు 45 రూపాయలకు అటూ ఇటూ ఉండేది. నాలుగు లక్షల ఐదు వేలు! ఫోన్లో నాన్నకు చెప్పాను. నాన్న గంగానమ్మపేటంతా చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, చదువుకుంటూ, నాలుగు నెలల్లో నాలుగు లక్షలు. మా మేనమామ అయితే వాళ్ళ అబ్బాయిని కూడా పంపిస్తానన్నాడు.

మొదటి పే స్లిప్ వచ్చిన రోజు దాన్ని బాత్రూంలోకి తీసుకెళ్ళి తలుపేసుకుని చదివాను. ఇన్‌కమ్ ట్యాక్స్ కొంత, సీపీపీ అని పెన్షన్‌కి కొంత, ఈఐ అని ఉద్యోగ బీమాకి కొంత. పద్దెనిమిదేళ్ళకే పెన్షన్ ఏమిటో! వారానికి వంద డాలర్ల దాకా పోయాయి. నాలుగు నెలలకు చేతికొచ్చింది 7,400 చిల్లర. సరే, అదీ తక్కువేం కాదు అనుకున్నాను.

మరి అద్దె? రెండు అద్దెలు.

మొదటి ఏడాది పిల్లలు గడువులోగా దరఖాస్తు పెట్టుకుంటే యూనివర్సిటీ రెసిడెన్స్‌లో, అంటే హాస్టల్లో, గది ఖాయంగా ఇస్తారు. నాకూ వచ్చింది. బయట గది అంతకన్నా చవగ్గా కనిపించి, తెలివితేటలు ఎక్కువై దాన్ని వదులుకున్నాను. వాటర్లూలో ఐదుగురు ఉండే ఇంట్లో బేస్‌మెంట్ గది, నెలకు 450. పన్నెండు నెలల లీజు. ఇంటాయన పన్నెండు పోస్ట్-డేటెడ్ చెక్కులు అడిగాడు, ఇచ్చాను. "డ్యామేజ్ డిపాజిట్" అని ఇంకో రెండు నెలల అద్దె అడిగాడు, అదీ ఇచ్చాను. ఒంటారియో చట్టం ప్రకారం చివరి నెల అద్దె తప్ప వేరే డిపాజిట్ తీసుకోకూడదనీ, చెక్కులు ఇచ్చి తీరాలని పట్టుబట్టకూడదనీ నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి ఆయన ఇల్లు అమ్మేసుకుని వెళ్ళిపోయాడు.

జనవరిలో నేను ఆటవా వెళ్ళిపోయాను. వాటర్లూ గది ఖాళీ. నెలనెలా ఒకటో తారీఖున నా చెక్కు మాత్రం బ్యాంకుకు వెళ్తూనే ఉంది. నేను లేని గదికి, నేను కాల్చని హీటరుకి నాలుగు నెలలు 1,800 డాలర్లు. కనాటాలో పడుకునే గదికి 550 చొప్పున 2,200. తిండికి 800, బస్సు పాసుకి 350, ఫోనుకి 160. మైనస్ ఇరవై ఐదులో తెనాలి స్వెట్టరు పనికిరాదని మొదటి వారంలోనే తెలిసి, జాకెట్టుకీ బూట్లకీ 300. కూడుకో. నాలుగు లక్షల కుర్రాడి దగ్గర ఏప్రిల్ చివర మిగిలింది 1,800 డాలర్లు. ఖాళీ గదికి కట్టినదీ సరిగ్గా అంతే, చూశావా?

ఆ నాలుగు నెలలూ ఆ గదిని వేరేవాళ్ళకు ఇచ్చుకోవచ్చు. దాన్ని సబ్‌లెట్ అంటారు. ఇంటివాళ్ళను అడిగి చెయ్యాలి, సరైన కారణం లేకుండా వాళ్ళు కాదనకూడదు. మన ఊళ్ళో అద్దెకున్నవాడు మళ్ళీ అద్దెకిస్తే సామాన్లు బయట పడేస్తారు కదా, ఆ భయంతో నేను అడగనే లేదు. పక్క గదిలో చైనా కుర్రాడు క్రిస్మస్ ముందే తన గది ఎవరికో ఇచ్చేసి, తాళంచెవి చేతికిచ్చి నవ్వుతూ వెళ్ళిపోయాడు. వాడి ముందు పరువు పోతుందని ఎలా చేశావని కూడా అడగలేదు.

నీకు మాత్రం ఒక ఇబ్బంది ఉంది. నీ మొదటి వర్క్ టర్ము వేసవిలో. వేసవిలో వాటర్లూ ఖాళీ అవుతుంది, అందరూ గదులు వదిలించుకోవాలనే చూస్తారు, సగం అద్దెకి కూడా మనిషి దొరకడం కష్టం. అందుకే మొదటి ఏడాది రెసిడెన్స్‌లోనే ఉండు. ఖరీదు ఎక్కువే, కానీ సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకే లెక్క. మే నెలలో పెట్టె సర్దుకుని వెళ్ళిపోవచ్చు. తర్వాతి టర్ములకి పన్నెండు నెలల లీజు జోలికి వెళ్ళకుండా, వేరేవాళ్ళు సబ్‌లెట్‌కిచ్చే నాలుగు నెలల గది పట్టుకో. ఒక వేసవిలో, నేను చదువుకుంటూ అక్కడే ఉన్నప్పుడు, 500 గదిని 250కి తీసుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ మా ఆవిడకి నెలకోసారి చెప్తుంటాను.

రెండో తప్పు కూడా అద్దెదే. తర్వాతి వర్క్ టర్ముకి రెండు ఉద్యోగాలు వచ్చాయి. టొరంటో నడిబొడ్డున గంటకు 20, వాటర్లూలోనే గంటకు 17. నేను ఇరవై అన్నాను. నాతో చదివే గుజరాతీ కుర్రాడు పదిహేడు అన్నాడు. వాడు ఉన్న గదిలోనే ఉండి, నడిచి వెళ్ళి వచ్చి, మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినేవాడు. నేను టొరంటోలో గదికి నెలకు 800 కట్టి, మధ్యాహ్నం శాండ్‌విచ్‌కి పది డాలర్లు ఖర్చుపెట్టి, శుక్రవారం రాత్రి స్నేహితుల కోసం గ్రేహౌండ్ బస్సెక్కి వంద కిలోమీటర్లు వెనక్కి వచ్చేవాణ్ణి. డిసెంబరులో ఇద్దరం లెక్క చూసుకుంటే వాడిదే పైచేయి. గంట రేటు చూడకు, నెల చివర ఏం మిగులుతుందో చూడు. నలుగురికి చెప్పుకోవడానికి టొరంటో పేరు బాగుంటుంది, నిజమే.

ట్యాక్స్ సంగతి. "చదువుకునేవాడికి ట్యాక్స్ రిటర్న్ ఏమిటి" అని మొదటి రెండేళ్ళు వేయలేదు. ఫీజు కట్టినందుకు యూనివర్సిటీ ఒక కాగితం ఇస్తుంది, ఉద్యోగమిచ్చినవాడు జీతం, కోతలు రాసిన టీ4 అనే కాగితం ఇస్తాడు, రెండూ చూపిస్తే జీతంలోంచి కోసుకున్న ఇన్‌కమ్ ట్యాక్స్ చాలామటుకు తిరిగొస్తుంది. మూడో ఏడాది ఒక సీనియర్ తిట్టి, పాత రెండేళ్ళవి కూడా వేయించాడు. నా డబ్బే, రెండేళ్ళు ప్రభుత్వం దగ్గర వడ్డీ లేకుండా పడుంది. గడువు ఏప్రిల్ 30. సీపీపీ మాత్రం ముసలివాళ్ళమయ్యాకే.

ఇక ఆ ఎనిమిది నెలల సంగతి. తెనాలిలో బ్యాంకు వాళ్ళు అప్పు కాగితాల్లో "కోర్సు కాలం: 4 సంవత్సరాలు" అని రాశారు. ఇంజనీరింగ్ అంటే నాలుగేళ్ళే కదా అని నాన్న సంతకం పెట్టాడు. కో-ఆప్‌తో అది నాలుగేళ్ళ ఎనిమిది నెలలని మేం చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. నాలుగేళ్ళు, పైన కిస్తీ కట్టక్కర్లేని ఆరు నెలలు. 2014 మార్చిలో ఈఎంఐ మొదలైందని ఇంటికి నోటీసు వచ్చింది. నేనింకా ఆఖరి టర్ము క్లాసులో ఉన్నాను. నాన్న నాకు చెప్పకుండా రెండు నెలలు కట్టాడు. అంతకుముందు ఇంకో తంటా: మన బ్యాంకు ఏడాదికోసారి జూన్‌లో డబ్బు వదులుతానంటుంది, ఇక్కడ మా ఫీజు ఒకసారి సెప్టెంబరులో, తర్వాత మేలో, తర్వాత జనవరిలో. రెండో టర్ము ఫీజు ఆలస్యమై జరిమానా కట్టాను. కాబట్టి అప్పు కాగితాల్లో కోర్సు కాలం నెలలతో సహా రాయించు, టర్ముల వారీగా ఫీజు ఎప్పుడో యూనివర్సిటీ నుంచి కాగితం తెచ్చి బ్యాంకులో ఇవ్వు. ఎనిమిది స్టడీ టర్ములకూ అప్పు మంజూరు చేయించుకో. జీతం వస్తుంది కదా అని రెండు టర్ములకే తీసుకుంటే మూడో టర్ములో ఏడుస్తావు.

రూల్స్ అడిగావు. స్టడీ పర్మిట్, కో-ఆప్ పనికి అనుమతి, జీఐసీ అని ఖర్చులకు ముందే బ్యాంకులో చూపించే డిపాజిట్టు (2025 సెప్టెంబరులో 22,895 డాలర్లు), క్లాసులు జరిగేటప్పుడు బయట పనికి వారానికి 24 గంటలు. మా రోజుల నుంచి వీటిలో చాలా మారాయి. ఇమిగ్రేషన్ సైటులో వెళ్ళే నెలలో చూసుకో, నా మాట కూడా నమ్మకు. ఒక్కటి మాత్రం చెప్తాను: చదువుకుంటూ చేసిన కో-ఆప్ నెలలు తర్వాత పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరపడే అనుమతికి, కెనడాలో పనిచేసిన అనుభవం చూసే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసు లెక్కలోకి రావు. రెండేళ్ళ ఉద్యోగం చేసేశాం కదా అని మా బ్యాచ్‌లో ఇద్దరు సంబరపడి, తర్వాత దిగాలు పడ్డారు.

చలి గురించీ, ఒంటరితనం గురించీ కూడా రాశావు. అవి అలవాటవుతాయి. క్యాంపస్‌లో బాతులు వెంటపడతాయి, జాగ్రత్త.

ఆరు వర్క్ టర్ములూ పూర్తిచేశాను. 2014లో చిటికెన వేలికి ఇంజనీర్ల ఇనుప ఉంగరం వేయించుకున్నాను, ఇప్పుడు కిచెనర్‌లో సొంతిల్లు. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటుంది. దానికీ బ్యాంకుకు కిస్తీ కడుతూనే ఉన్నాననుకో, అది వేరే సంగతి.

సామాన్ల లిస్టులో రైస్ కుక్కర్ రాసుకున్నావు, కొట్టెయ్. నేనూ తెనాలి నుంచి మోసుకొచ్చాను. అక్కడిది 230 వోల్టులది, ఇక్కడ 120. మొదటి రోజు రాత్రి గంటన్నర పెట్టినా బియ్యం నానాయి తప్ప ఉడకలేదు. నా దగ్గర ఇక్కడివి రెండున్నాయి, వచ్చాక ఒకటి పట్టుకెళ్ళు. మూత కొంచెం వదులు.