బాంప్ రికార్డ్స్ పవర్ పాప్ సీడీ కొనొచ్చా? కొనండి, కానీ వినే పద్ధతి మార్చండి

మీరు అడిగినవి రెండు విషయాలు. బాంప్ రికార్డ్స్ అనే అమెరికా రికార్డు కంపెనీ 1996లో తెచ్చిన "ది రూట్స్ ఆఫ్ పవర్‌పాప్" అనే పాటల సంకలన సీడీని అమెరికా నుంచి హైదరాబాద్‌కి తెప్పించుకోవడం దండగేమో అన్నది ఒకటి. కొన్ని పాటలు వింటే అన్నీ ఒకేలా అనిపించాయి, మీకు తెలిసిన ది నాక్ బ్యాండ్ పాట "మై షరోనా" కూడా అందులో లేదు, మరి దాంట్లో ఏముందని అందరూ అంతగా మెచ్చుకుంటారన్నది రెండోది.

నా మటుకు నేను కొనమనే చెబుతాను. ఉద్యోగం వల్ల కొన్నేళ్లు లాస్ ఏంజెలస్ పక్కన బర్‌బ్యాంక్‌లో ఉన్నాను. బాంప్ ఊరు కూడా అదే. హాలీవుడ్‌లోని అమీబా మ్యూజిక్ కొట్లో సెకండ్ హ్యాండ్ సీడీల అరల ముందు నిలబడి గడిపిన శనివారాల్లోనే ఈ సంగీతం నాకు పట్టుబడింది. తర్వాత ఆ పాటల అసలు 45 ఆర్‌పీఎం రికార్డులు కూడా కొన్ని సంపాదించాను. కాబట్టి సీడీని, ఒరిజినల్ రికార్డుని పక్కపక్కన పెట్టి విన్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు పవర్ పాప్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. ఈ పేరుని 1967లో ది హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తమ సంగీతం గురించి చెబుతూ వాడాడు. బీటిల్స్, బర్డ్స్ తరహా తీయటి ట్యూను, రెండు మూడు గొంతులు కలిసి పాడే హార్మొనీ, వాటి కింద ది హూ తరహాలో గట్టిగా కొట్టే గిటారు, డ్రమ్స్. అంతే. 1970ల్లో అమెరికాలో రాస్ప్‌బెర్రీస్, బిగ్ స్టార్, డ్వైట్ ట్విలీ బ్యాండ్ లాంటివాళ్లు దీన్ని పట్టుకున్నారు. అప్పటికి రాక్ అంటే పది నిమిషాల పాటలు, పొడుగాటి సోలోలు, డబుల్ ఆల్బమ్‌లు. వీళ్లు మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేసి ముగించాలనుకున్నారు.

అందుకే ఈ సంగీతానికి సొంత ఇల్లు ఆల్బమ్ కాదు, పక్కకి ఒక్కో పాట ఉండే ఏడంగుళాల చిన్న రికార్డు, అంటే సింగిల్. పక్కకి మూడు నిమిషాలే పెడితే గాడులు వెడల్పుగా కోయొచ్చు, సౌండ్ గట్టిగా వస్తుంది. ఆల్బమ్‌కి సరిపడా స్టూడియో టైముకి డబ్బు లేని కుర్రాళ్లు రెండు పాటలు రికార్డు చేసి, కొన్ని వందల కాపీలు వేయించుకుని, షోల దగ్గర అమ్ముకోవచ్చు. ది నర్వ్స్ అనే లాస్ ఏంజెలస్ బ్యాండ్ 1976లో నాలుగు పాటల చిన్న రికార్డుని సొంతంగానే వేసుకుంది. అందులోని "హ్యాంగింగ్ ఆన్ ది టెలిఫోన్"ని బ్లాండీ అనే బ్యాండ్ 1978లో మళ్లీ పాడి ప్రపంచానికి వినిపించింది. ది నర్వ్స్ అప్పటికే విడిపోయారు. ఈ రంగంలో ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. అందువల్ల పవర్ పాప్‌లో సంకలనం అంటే హిట్ పాటల మూట అనుకోకండి. చాలా బ్యాండ్ల విషయంలో మనకి మిగిలింది ఆ రెండు పాటలే, వాటిని చేర్చి పెట్టే చోటు సంకలనమే.

ఇక బాంప్ సంగతి. దీన్ని నడిపిన గ్రెగ్ షా అసలు ఒక అభిమాని. నేను ఈ లేబుల్‌ని, అంటే రికార్డు కంపెనీని, ఇంతగా ఇష్టపడటానికి అదే కారణం. టీనేజ్‌లో ఉండగానే, 1966లో, శాన్ ఫ్రాన్సిస్కోలో రాక్ సంగీతం మీద ఒక చిన్న పత్రిక నడిపాడు. 1970లో "హూ పుట్ ది బాంప్" అనే పత్రిక మొదలుపెట్టాడు. పాత సింగిల్స్ జాబితాలు, మరుగున పడిన బ్యాండ్ల చరిత్రలు, చదివేవాళ్ల ఉత్తరాలతో నిండి ఉండేది. 1974లో అదే పేరుతో లేబుల్ పెట్టాడు. మొదటి సింగిల్ ఫ్లేమిన్ గ్రూవీస్ వాళ్ల "యు టోర్ మి డౌన్". వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో డేవ్ ఎడ్మండ్స్ ఆధ్వర్యంలో 1972లోనే రికార్డయిన పాట అది. రెండేళ్లు ఎవరూ విడుదల చేయలేదు. పెద్ద కంపెనీలకి అక్కరలేని ఆ టేపుని బయటికి తేవడం కోసమే ఒక పత్రికాయన రికార్డు కంపెనీ యజమాని అయ్యాడన్నమాట.

ఆ పాట మొదటిసారి విన్నప్పుడు నాకు గిటారు కన్నా ముందు గొంతు తగిలింది. ఏడుస్తున్న మాటల్ని హుషారైన ట్యూనులో పాడటం అనేది పవర్ పాప్ ప్రాణం. ఈ పాటలో ఆ హుషారు కూడా కొంచెం తగ్గి, దిగులు పైకి వచ్చేస్తుంది. మీరు మరేదీ వినకపోయినా ఇది మాత్రం వినండి.

1978 మార్చిలో గ్రెగ్ షా తన పత్రికలో పవర్ పాప్ మీద ప్రత్యేక సంచిక వేశాడు. పంక్ తర్వాత రాబోయేది ఇదేనని గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంతో అదే ఏడాది వరసగా సింగిల్స్ వేశాడు. వాటిలో మూడింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సీడీ విలువంతా అక్కడే తెలుస్తుంది.

షూస్ ఇల్లినాయ్‌లోని జయన్ అనే చిన్న ఊరివాళ్లు. 1977లో ఒక ఇంటి హాల్లో నాలుగు ట్రాకుల టేపు మెషీన్ పెట్టుకుని "బ్లాక్ వినైల్ షూస్" అనే ఆల్బమ్‌ని సొంతంగా తయారు చేసుకున్నారు. 1978లో బాంప్ వీళ్ల "టుమారో నైట్" సింగిల్ వేసింది. దాని తర్వాత ఎలెక్ట్రా కంపెనీ పిలిచి, ఇంగ్లండ్‌లోని ది మేనర్ స్టూడియోలో ఆల్బమ్ చేయించింది. 1979లో వచ్చిన ఆ "ప్రెజెంట్ టెన్స్"లో మొదటి పాట మళ్లీ ఇదే, కొత్తగా రికార్డు చేసింది. నేను రెండూ చాలాసార్లు విన్నాను. ఎలెక్ట్రా రూపంలో ప్రతి వాయిద్యం విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. బాంప్ రూపంలో గిటార్లు ఒకదాని మీద ఒకటి పడి కాస్త ముద్దగా ఉంటాయి, గొంతు వాటి వెనక నుంచి మెల్లగా వస్తుంది. నా ఓటు బాంప్ రూపానికే. ఆ గొంతులో బిడియం ఉంది, అది ఆ పాటకి కావాలి.

రెండోది డెట్రాయిట్ వాళ్లు రొమాంటిక్స్. వీళ్ల "టెల్ ఇట్ టు క్యారీ" కూడా 1978 బాంప్ సింగిలే. తర్వాత పెద్ద కంపెనీ చేతికి వెళ్లి, 1980లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో దాన్ని మళ్లీ చేశారు. అదే ఆల్బమ్‌లోని "వాట్ ఐ లైక్ అబౌట్ యు" మీరు ప్రకటనల్లోనో సినిమాల్లోనో వినే ఉంటారు.

మూడోది 20/20. ఓక్లహోమాలోని టల్సా నుంచి లాస్ ఏంజెలస్‌కి వచ్చిన కుర్రాళ్లు. బాంప్ సింగిల్ పేరు "గివింగ్ ఇట్ ఆల్". వీళ్లకి 1979లో పోర్ట్రెయిట్ కంపెనీలో ఆల్బమ్ వచ్చింది కానీ ఈ పాట అందులో చేరలేదు. నాకైతే ఆ ఆల్బమ్‌లోని చాలా పాటలకన్నా ఇదే ఎక్కువ ఇష్టం. దీని రెండో వైపు "అండర్ ది ఫ్రీవే" అని ఇంకో పాట ఉంది. ఆఫీసు నుంచి ఇంటికొస్తూ 101 ఫ్రీవే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఈ రెండు పాటలూ ఎన్నిసార్లు పెట్టుకున్నానో లెక్క లేదు.

మూడు బ్యాండ్లూ బాంప్ నుంచి పెద్ద కంపెనీలకే వెళ్లాయి. గ్రెగ్ షా కనిపెట్టడం, వాళ్లు ఎగరేసుకుపోవడం. అయినా మొదటి రూపాలు ఆయన దగ్గరే మిగిలాయి. ఈ తరహా సీడీల్లో నేను వెతికేది అదే.

"మై షరోనా" సంగతికి వస్తే, అది క్యాపిటల్ కంపెనీ పాట. బాంప్‌ది కాదు కాబట్టి ఇందులో లేదు. 1979లో ఆరు వారాలు అమెరికాలో నంబర్ వన్‌గా ఉంది. ఆ దెబ్బతో కంపెనీలన్నీ ది నాక్ లాగా సన్న టై కట్టుకున్న ప్రతి బ్యాండ్ వెంటా పడ్డాయి, వాళ్లలో మళ్లీ అంత హిట్ రాకపోయేసరికి వదిలేశాయి. ది నాక్ మీద అప్పట్లో ఎంత కోపం పుట్టిందంటే, వాళ్లకి వ్యతిరేకంగా బ్యాడ్జీలు కూడా తయారయ్యాయి. చాలా మంచి బ్యాండ్లు ఆ హడావుడిలో నలిగిపోయాయి. ఆ పాట మంచి పాటే. దానితో పోల్చుకుంటూ మిగతావి వింటే మాత్రం మీకు నిరాశ తప్పదు, ఎందుకంటే మిగతావాళ్లు అంత కండబలంతో వాయించరు.

ఇప్పుడు "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్న మాట. ఇది అబద్ధం కాదు. ఇరవై పాటలు వరసగా వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఇవి వరసగా వినడానికి చేసినవి కావు. ఒక్కో పాటా రేడియోలో వేరే పాటల మధ్య వచ్చి, మొదటి పది సెకన్లలో చెవి పట్టుకోవాలని చేసింది. మన ఇళ్లలో సినిమా పాటల ఈపీ రికార్డు పెట్టి, ఒక వైపు అయిపోయాక లేచి తిప్పి పెట్టేవాళ్లు కదా, ఇవీ అలా వినాల్సినవే. సీడీలో రెండు పాటలు విని ఆపేయండి. మర్నాడు ఇంకో రెండు. నేను ఇలా మొదలుపెట్టాకే ఒక్కో బ్యాండ్‌కి ఉన్న ముఖం వేరుగా కనిపించింది: ఒకరు పన్నెండు తీగల గిటారు మీద ఆధారపడతారు, ఒకరు చప్పట్లతో నడిపిస్తారు, ఇంకొకరికి డ్రమ్మరే బలం. చరణం నుంచి పల్లవికి ఎలా ఎక్కుతున్నారో గమనించండి. ఆ ఎక్కడంలోనే పాట ఎలాంటిదో తెలిసిపోతుంది.

నాకు నచ్చని విషయం కూడా చెప్పాలి. సాహిత్యం దాదాపుగా ఒకే గూట్లో తిరుగుతుంది. అబ్బాయి, అమ్మాయి, ఫోను, వీకెండ్, విడిపోవడం. అమ్మాయి ఎప్పుడూ అవతలి మనిషే, ఆమె వైపు నుంచి మాట ఉండదు. అందుకే 1980లో బాంప్ వేసిన నికీ అండ్ ది కార్వెట్స్ ఆల్బమ్ నాకు అంత ముఖ్యం. డెట్రాయిట్ నుంచి వచ్చిన ఈ అమ్మాయిలు అదే మూడు నిమిషాల పాటలో అబ్బాయిల గురించి తమ కోరికలు తాము పాడారు, అదీ ఏ మొహమాటం లేకుండా. ఈ సీడీ పూర్తయ్యాక దాన్ని కూడా వినండి.

సౌండ్ గురించి టెన్షన్ పడకండి, కానీ ఒకటి తెలిసి ఉండాలి. ఇలాంటి సంకలనాల్లో కొన్ని పాటలకి అసలు మాస్టర్ టేపు దొరకదు, మంచి కండిషన్‌లో ఉన్న రికార్డు నుంచే ఎక్కించాల్సి వస్తుంది. అప్పుడు చిన్న చిటపటలు వినిపించవచ్చు. పాటకీ పాటకీ వాల్యూమ్ తేడా కూడా ఉంటుంది. మంచి స్పీకర్ల మీద కన్నా మామూలు స్పీకర్ల మీద ఇవి బాగుంటాయని నా అనుభవం. కారు రేడియోల కోసం, చవక ప్లేయర్ల కోసం మిక్స్ చేసిన పాటలు మరి.

కొనే పద్ధతి: సీడీయే తీసుకోండి, ఒరిజినల్ సింగిల్స్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర దాదాపు కొత్తదని రాసిన సింగిల్ కొంటే, వంగిపోయి సూది నిలవని రికార్డు వచ్చింది, డబ్బులు వెనక్కి రాబట్టడానికి నానా తిప్పలు పడ్డాను. పైగా అమెరికా సింగిల్స్‌కి మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది, అడాప్టర్ లేకుండా మన ప్లేయర్ల మీద కూర్చోదు. సీడీకైనా విడిగా షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే సరుకు కన్నా ఖర్చు ఎక్కువ కావచ్చు. అమెరికా నుంచి వచ్చే చుట్టాలో స్నేహితులో ఉంటే వాళ్ల అడ్రసుకి పంపించుకుని సూట్‌కేసులో తెమ్మనండి. సీడీ బరువేం ఉండదు, బట్టల మధ్య భద్రంగా వస్తుంది. ఎల్పీ మాత్రం అలా తెప్పించొద్దు, మూలలు నలుగుతాయి.

ఇది నచ్చితే తర్వాతి మెట్టు షికాగోలోని న్యూమెరో గ్రూప్ వాళ్లు 2005లో వేసిన "ఎల్లో పిల్స్: ప్రీఫిల్" అనే రెండు సీడీల సెట్. దాన్ని కూర్చిన జోర్డన్ ఓక్స్ కూడా గ్రెగ్ షా లాగే ఒక అభిమాన పత్రిక నడిపినవాడు. ఎల్లో పిల్స్ అన్న పేరు 20/20 ఆల్బమ్‌లోని పాటది. ఈ సెట్‌లోని బ్యాండ్లలో చాలావాటిని బాంప్ సీడీ విన్నవాళ్లు కూడా విని ఉండరు. కాన్సాస్ సిటీలోని టైటన్ అనే చిన్న లేబుల్ పాటల్ని కూడా న్యూమెరోయే 2009లో విడిగా తెచ్చింది. ఆ ఊరి పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్ వైపు మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, అక్కడ ఎవరైనా ఈ జవాబు చదువుతుంటే పాత రికార్డుల కొట్లలో టైటన్ సింగిల్స్ కోసం ఒకసారి చూడండి.

ప్రస్తుతానికి మీరు షూస్ "టుమారో నైట్" రెండు రూపాలూ వెతికి, ముందు 1978ది, తర్వాత 1979ది వినండి. మీకు ఏది నచ్చిందో కింద రాయండి. 1979ది నచ్చితే మాత్రం బాంప్ సీడీ కన్నా ముందు "ప్రెజెంట్ టెన్స్" కొనుక్కోవడం మీకు మేలు.