ఫోన్‌లో దొరికిన బాబాయి

ప్రశ్న: ఏడాదిన్నర క్రితం బైకు ప్రమాదంలో మా చిన్నబ్బాయికి వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. ఇరవై ఆరేళ్లవాడు. పొద్దస్తమానం వీల్‌చైర్‌లో ఉండేవాళ్ల వాట్సాప్ గ్రూపులోనే గడుపుతున్నాడు. మాకు చెప్పని మలమూత్రాల ఇబ్బందులు ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పుకుంటున్నాడు. అందులో ఒకాయనను ‘బాబాయ్’ అని పిలుస్తాడు. మావారు వైద్యానికి పొలం అమ్మారు గానీ, వాణ్ణి అలా చూసి తట్టుకోలేక ఆ గదిలోకే వెళ్లరు. ఈ ఫోన్ పిచ్చి ఎలా మాన్పించాలి?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: మాన్పించకండమ్మా. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి గొట్టంతో మూత్రం తీసుకోవాలని, పుండ్లు పడకుండా కుర్చీలో అరగంటకోసారైనా చేతుల మీద ఒళ్లు లేపాలని ఆస్పత్రిలో చెప్పి పంపుతారు. కానీ పెళ్లికి వెళ్లినచోట ఆ గొట్టం ఎక్కడ వేసుకోవాలో, బట్టలు తడిసిననాడు నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలో ఆ కుర్చీలో కూర్చున్నవాడే చెప్పగలడు. 1954లో ప్రమాదానికి గురై వీల్‌చైర్‌కు పరిమితమైన డాక్టర్ మేరీ వర్గీస్ ఆ కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసి, 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం నెలకొల్పడానికి కారకులయ్యారు. మీ అబ్బాయి వెతుక్కుంటున్నదీ అటువంటి తోడునే. మూలకణాల సూదితో నడిపిస్తామని లక్షలు అడిగేవాళ్లు అటువంటి గ్రూపుల్లోకీ చొరబడతారు కనుక, డబ్బు మాట వచ్చినప్పుడు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా అడుగు వేయవద్దని చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఫోన్ కాదు, మీవారి సంగతి. పొలం అమ్మడం చిన్న విషయమేమీ కాదు; అయినా బిల్లులు కట్టడంతో తండ్రి బాధ్యత తీరిపోతుందంటే నేను ఒప్పుకోను. తండ్రి తన గుమ్మం దాటి లోపలికి రావడం లేదని ఏడాదిన్నరగా చూస్తున్న కొడుకు, తనను చూడటమే ఆయనకు శిక్షగా ఉందని అర్థం చేసుకోకుండా ఉంటాడా? తట్టుకోలేరంటూ మీరు ఆయనను వెనకేసుకొచ్చినన్నాళ్లూ ఆ పిల్లవాడు పరాయివాళ్లలోనే బాబాయిలను వెతుక్కుంటాడు. ఆ పెద్దమనిషి మీద కోపం పెట్టుకోకండి. మీ ఇంట్లో ఖాళీగా ఉన్న స్థానంలోనే ఆయన కూర్చున్నారు.

మీవారికి ఓదార్పు మాటలు చేతకాకపోతే మాట్లాడమని బలవంతపెట్టవద్దు, పని అప్పగించండి. మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడం నేర్చుకోమనండి. వీధి గుమ్మానికి ర్యాంపు కట్టించమనండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్న లెక్క ఆ గ్రూపువాళ్లు మీ అబ్బాయికి ఈపాటికి చెప్పే ఉంటారు. మేస్త్రీని పిలిచే ముందు, గదిలోకి వెళ్లి అతణ్ణే అడిగి రమ్మనండి.