కొలోన్ కార్నివాల్: ఉపవాసానికి ముందు ఆరు రోజులు

జర్మనీలో రైన్ నది ఒడ్డున కొలోన్, బాన్, డ్యుసెల్‌డార్ఫ్, మైంజ్ లాంటి ఊళ్లకు చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చినవాళ్లు ఫిబ్రవరి రాగానే అడిగేది ఒకటే: ఈ వేషాలు, ఊరేగింపులు దేనికి? మనం వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కానీ ఈ కార్నివాల్ ఉపవాసం ముంగిట జరిగే పండగని తెలుసుకుని వెళ్తే ప్రతిదీ అర్థమవుతుంది. ఈస్టర్‌కు 46 రోజుల ముందు వచ్చే బుధవారం లెంట్ అనే ఉపవాస కాలం మొదలవుతుంది. మన కథోలికులు దాన్నే విభూది బుధవారం అంటారు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే ఉపవాసం 40 రోజులు. మధ్యయుగాల్లో ఆ రోజుల్లో మాంసమే కాదు, గుడ్లు, పాలు, వెన్న కూడా ముట్టేవారు కాదు. ఇంట్లో మిగిలినవి పాడవకముందే తినెయ్యాలి కదా! జామ్ కూరిన బెర్లీనర్ లాంటి వేపుడు పిండివంటలు ఈ పండక్కి ప్రత్యేకం కావడానికి మూలం అదే. శాకాహారులు కొనేముందు దేంట్లో వేయించారో అడగండి, కొన్నిచోట్ల పంది కొవ్వు వాడతారు.

చలిని తరిమే ప్రాచీన జర్మన్ తెగల ఆచారమే ఇలా మారిందని చాలామంది చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నేరుగా ముడిపెట్టే ఆధారం లేదు. ఉపవాసం గట్టిగా పాటించిన క్రైస్తవ పట్టణాల్లోనే ఈ పండగ పెరిగింది. దానికి పెద్ద రుజువు పటంలోనే కనిపిస్తుంది. మత సంస్కరణలో కథోలిక చర్చి నుంచి విడిపోయాక ప్రొటెస్టెంట్లు తప్పనిసరి ఉపవాసాన్ని వదిలేశారు, దాంతో ముందురోజుల సంబరమూ పోయింది. హాంబర్గ్‌లో ఉన్నవాళ్లకు ఈ సందడి పెద్దగా కనిపించదు. మన గుంటూరు, ఒంగోలు వైపు కూడా క్రైస్తవం ఎక్కువగా లూథరన్, బాప్టిస్టు మిషన్ల ద్వారా వచ్చింది. అందుకే శ్రమదినాలు (లెంట్ రోజులు) నిష్ఠగా పాటించే ఇళ్లకు కూడా ఈ పండగ కొత్తగానే ఉంటుంది.

ఇప్పుడు కొలోన్‌లో చూసే రూపం 1823 నాటిది. అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ఏలుబడిలో ఊరి పెద్దలు ఒక సంఘంగా ఏర్పడి, చెదిరిపోయిన పండగను ఊరేగింపుగా తీర్చారు. ఎర్ర కోట్లు, చెక్క తుపాకులతో కనిపించేవాళ్లు నిజం సైనికులు కారు. పాత నగర సైనికుల వేషంతో సైనిక దర్పాన్ని వెక్కిరిస్తారు.

సీజన్ నవంబరు 11న ఉదయం 11:11కే మొదలవుతుంది, అసలు రోజులు మాత్రం ఆరు. 2027లో ఫిబ్రవరి 4 గురువారం నుంచి 9 మంగళవారం దాకా.

గురువారం ఆడవాళ్ల రోజు. ఆఫీసులో మగవాళ్ల టైలు కత్తిరిస్తారు, బదులుగా బుగ్గమీద చిన్న ముద్దు ఇస్తారు. ఖరీదైన టై కట్టుకెళ్లకండి. మీరు కత్తిరించాలంటే ముందు అడగండి. ముద్దు వద్దనుకుంటే నవ్వుతూ తల పక్కకు తిప్పితే చాలు. పండగ పేరుతో ఎవరైనా చెయ్యి వేస్తే మాత్రం అది నేరమే, పోలీసులకు చెప్పండి. విద్యార్థుల పేటల్లో ఆ రోజు తాగినవాళ్ల రద్దీ విపరీతం. కొన్ని వీధుల్లోకి గాజు సీసాలు తేనివ్వరు. పిల్లలున్నవాళ్లు ఆదివారం జరిగే బడుల, పేటల ఊరేగింపుకి వెళ్లడం అన్నిటికంటే మంచిది.

సోమవారం పెద్ద ఊరేగింపు. అది చట్టపరమైన సెలవు కాదు. కొలోన్‌లో చాలా ఆఫీసులు మూసేస్తారు, అయినా మీ ఆఫీసు సంగతి ముందే కనుక్కోండి. దారిపొడవునా ట్రాములు ఆగిపోతాయి, కాబట్టి భూగర్భ రైల్లో వెళ్లి గంట ముందే నిలబడండి. జాకెట్ పైన పట్టేంత వదులైన వేషం కొనండి, లేకపోతే చలికి గంటసేపు కూడా నిలవలేరు. బండ్ల మీంచి మిఠాయిలు విసురుతారు. "కమెల్లే!" అని అరిస్తే మీ వైపూ పడతాయి. గుడ్డసంచి తీసుకెళ్లండి. చక్రాల దగ్గర పడినవాటి కోసం పిల్లల్ని వంగనివ్వొద్దు, అసలు ప్రమాదం అక్కడే. జెల్లీ మిఠాయిల్లో ఎక్కువగా పంది జెలటిన్ ఉంటుంది, ఇంటికొచ్చాక వేరుచేసుకోండి.

పలకరింపు కొలోన్‌లో "అలాఫ్". డ్యుసెల్‌డార్ఫ్, మైంజ్‌లలో "హెలావ్". ఇవి తారుమారైతే ఊరివాళ్లు తేలిగ్గా తీసుకోరు, కొలోన్, డ్యుసెల్‌డార్ఫ్‌ల పోటీ అంత గట్టిది.

మంగళవారం రాత్రి పబ్బుల ముందు నుబ్బెల్ అనే గడ్డిబొమ్మ మీద అందరి తప్పులూ మోపి తగలబెడతారు. దాంతో పండగ అయిపోయినట్టే. బుధవారం వేషంలో తిరగకండి. ఆ రోజు హోటళ్లలో చేపల భోజనం, చర్చిలో నుదుట బూడిద సిలువ. బూడిద ఎవరైనా పెట్టించుకోవచ్చు. పూజలో పంచే అప్పం, అంటే దివ్యసత్ప్రసాదం మాత్రం కథోలికులకే, మిగతావాళ్లు ఆ వరుసలోకి వెళ్లకుండా కూర్చుంటే చాలు.