మరమ్మతు బల్ల: పాత డిస్కు పారేయకండి

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లయింది. 2016లో కొన్న కంప్యూటర్ ఉంది. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. దీనికి విండోస్ 11 ఎక్కదు, కొత్తది కొనుక్కోండి అన్నారు దుకాణంలో. పద్యాలు, ఉత్తరాలు టైపు చేసుకుంటాను. యూట్యూబులో హరికథలు వింటాను. బ్యాంకు పని, మనవరాలు పంపే ఫొటోలు, ఇంతే నా అవసరాలు. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ పెట్టుకోమంటున్నారు, అందులో చాలా రకాలున్నాయట. అందులో ఏది తేలిక? ఈ వయసులో నావల్ల అవుతుందా?
- పేరు వద్దన్న పాఠకుడు, గాజువాక

జవాబు: మాస్టారూ, దుకాణం వారు చెప్పిన మొదటి మాట నిజమే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్ కనీసం ఎనిమిదో తరానిదై ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. కొత్తది కొనమన్న మాట మాత్రం నాకు రుచించలేదు. హరికథలు వినడానికి, పద్యాలు రాసుకోవడానికి ఆ యంత్రం ఇంకా చాలు.

పేరు అడిగారు కనుక చెబుతున్నాను: లినక్స్ మింట్. అందులో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రూపాలున్నాయి. 4 జీబీ ర్యామ్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి, తేలికగా నడుస్తుంది. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం... మీ చేతికి అలవాటైన చోటే అన్నీ ఉంటాయి. ఉబుంటు అనే మరో లినక్స్ కూడా మంచిదే, మింట్‌కు పునాది అదే. కాకపోతే పట్టీ ఎడమ పక్కన నిలువుగా ఉండి, మొదటి వారమంతా చేయి తడబడుతుంది. జోరిన్ అనే ఇంకో లినక్స్ విండోస్ పోలికతోనే వస్తుంది. అది నచ్చితే నాకు అభ్యంతరం లేదు. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అన్నాళ్లూ మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఇక ఏది పెట్టుకోవాలన్న దానికన్నా ఎలా మారాలన్నది ముఖ్యం. మీది 2016 నాటి యంత్రం కనుక లోపల తిరిగే హార్డ్ డిస్కే ఉండి ఉంటుంది. మెల్లగా నడవడానికి సగం కారణం అదే. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, ఒకటి కొనండి. కొత్త కంప్యూటర్ ధరలో అది చిన్న వంతు. మింట్‌ను దాని మీద ఎక్కించేటప్పుడు పాత డిస్కు తీగ ఊడదీసి పక్కన పెట్టమని మెకానిక్‌కు చెప్పండి. అప్పుడు ‘డిస్కు మొత్తం చెరిపివేయి’ అన్న గడి పొరపాటున నొక్కినా మీ సామాను భద్రం. డబ్బా ఎలాగూ తెరుస్తారు కనుక ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది తిరిగి బిగించమనండి. మన ఊరి సముద్రపు గాలికి అక్కడ చిలుము పడుతుంది. ద్వారకానగర్‌లో ఇరవై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చున్నాను. ‘చచ్చిపోయింది’ అని తెచ్చిన కంప్యూటర్లు ఎన్నో రెండు రూపాయల రబ్బరుతో లేచి కూర్చున్నాయి.

కొనేముందే చూసుకోవాలంటే, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మింట్ రాయించి దాని నుంచే కంప్యూటర్ తెరవండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కనుక ఖాళీది వాడండి. ఇన్‌స్టాల్ అన్న బొమ్మను ముట్టుకోనంత వరకు మీ డిస్కు జోలికి అది పోదు. శబ్దం, వైఫై పరీక్షించండి. ఒక కాగితం ప్రింటు తీయండి. పాత లేజర్ ప్రింటర్లు కొన్ని మొండికేస్తాయి, ఆ సంగతి ముందే తెలియాలి. వేగాన్ని మాత్రం ఇక్కడ బేరీజు వేయకండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది నత్తనడకే.

ఇప్పుడు మీ పద్యాల సంగతి. అవి ఏ ఫాంటులో ఉన్నాయో మీరు రాయలేదు, నా భయమంతా దాని గురించే. ఒక పద్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగే కనబడితే అది యూనికోడ్, అంటే ఫాంటు మారినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి, మింట్‌లో హాయిగా తెరుచుకుంటుంది. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం కనబడితే అది అను వంటి పాత ఫాంటు. అక్కడ అసలున్నది రోమన్ అక్షరమే, ఫాంటు దానికి తెలుగు వేషం కట్టింది. వేషం తీస్తే మిగిలేది ఆ గందరగోళం. విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్పించి, వత్తులు సరిచూసుకోండి. మార్పిడిలో ముందు చెడేవి అవే.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. ఒక పెద్దాయన కంప్యూటర్‌కు ఉత్సాహంగా మింట్ ఎక్కించి పంపాను. మర్నాడు పొద్దున్నే వచ్చి, ‘నాయనా, నా శతకం ఏ భాషలోకి పోయింది?’ అన్నారు. నూట ఎనిమిది పద్యాలు. పాత డిస్కు నా సొరుగులోనే ఉంది కనుక బతికిపోయాను. రెండు సాయంత్రాలు ఆయన చదువుతుంటే నేను ద్విత్వాలు దిద్దాను. ఛందస్సులో నా తప్పులు పట్టడం ఆయనకు భలే సరదాగా ఉండింది.

కొత్తగా రాయడానికి మీటల మీద నేరుగా తెలుగు అక్షరాలుండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటుంటే సెట్టింగులలో తెలుగు చేర్చుకుంటే చాలు. ‘అమ్మ’కు ఇంగ్లిషు అక్షరాలు కొట్టే పద్ధతి కావాలంటే ఐబస్, ఎం17ఎన్ అనే రెండు టైపింగ్ ప్రోగ్రాములను ఎక్కించమనండి. బ్యాంకు పని, వాట్సాప్ ఫొటోలు బ్రౌజరులోనే జరుగుతాయి. నలభై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టిన మీరు ఈ మెనూకు జంకడమేమిటి మాస్టారూ!

ప్రశ్న: డాబాగార్డెన్స్‌లో మాకు హోల్‌సేల్ దుకాణం ఉంది. లెక్కలన్నీ టాలీలోనే. నేనూ మింట్‌కు మారవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. టాలీ విండోస్ కోసం చేసినది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ వంటి అడ్డదారులున్నాయి గానీ, జీఎస్టీ రిటర్నుల గడువు రోజున అది మొరాయిస్తే మీరు ఫోన్ చేసేది నాకే. దుకాణంలో విండోస్ 11 యంత్రం పెట్టుకోండి. పాతది ఇంటికి తీసుకెళ్లి, పైన మాస్టారికి చెప్పినట్టు చేసి పిల్లలకు ఇవ్వండి.