555 గెలుపుల వెనుక ఉన్న ఊపిరి

ప్రశ్న: స్క్వాష్ క్రీడాకారుడు జహంగీర్ ఖాన్ అయిదేళ్లకు పైగా ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదని చదివాను. అది ఎలా సాధ్యమైంది? అంతటి ఆటగాడికి ఒలింపిక్ పతకం ఎందుకు లేదు? దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివింది నిజమే. 1981 నుంచి 1986 నవంబరు వరకు ఆయనను ఓడించినవారు లేరు. ఆ విజయాలు 555 అని రికార్డుల్లో నమోదైంది. అయితే ఆ అంకె కన్నా, 1983లో ఇంగ్లండ్‌లోని చిచెస్టర్‌లో ఈజిప్టు ఆటగాడు గమాల్ అవాద్‌తో ఆడిన ఒక్క ఫైనల్ మీ ప్రశ్నకు మంచి సమాధానం చెబుతుందని నా అభిప్రాయం.

అప్పటి నియమాల ప్రకారం సర్వ్ చేసినవారికే పాయింట్ దక్కేది కనుక, ఎంత సుదీర్ఘమైన ర్యాలీ గెలిచినా ఒక్కోసారి సర్వ్ చేతికి రావడం తప్ప స్కోరు కదిలేది కాదు. చురుకుదనానికి పేరుపడ్డ అవాద్ ప్రతి బంతినీ తిరిగి కొడుతుంటే, నాలుగు గోడల నడుమ ఆడే ఈ ఆటలో జహంగీర్ తొందరపడకుండా బంతిని పక్క గోడ వెంబడి వెనుక మూలలకు పంపుతూ పోయారు. మొదటి గేమ్‌కే 71 నిమిషాలు పట్టింది, దానిని 10–9తో గెలిచింది అవాదే. కానీ ఆ గెలుపుకు ఆయన కాళ్లలోని సత్తువంతా ఖర్చయింది. తరువాతి మూడు గేమ్‌లు జహంగీర్‌వే, చివరిది 9–2. మొత్తం 2 గంటల 46 నిమిషాలు సాగిన ఆ పోరులో ఓపికే ఆయుధమైంది. ప్రత్యర్థి అలసిపోయే చోట జహంగీర్ ఆట మొదలయ్యేది.

ఆ ఓపిక పుట్టుకతో వచ్చినది కాదు. 1963లో కరాచీలో పుట్టిన ఆయన, 1957 బ్రిటిష్ ఓపెన్ విజేత రోషన్ ఖాన్ కుమారుడే అయినా, చిన్నతనంలో హెర్నియాతో బాధపడ్డారు. శరీరాన్ని శ్రమ పెట్టవద్దని వైద్యులు హెచ్చరించారు. 1979లో, పాకిస్థాన్ జట్టులో చోటు దక్కకపోయినా, 15 ఏళ్ల వయసులో ప్రపంచ అమెచ్యూర్ (వృత్తి ఆటగాళ్లు కానివారి) టైటిల్ గెలిచారు. ఆ ఏడాది నవంబరులోనే అన్న తోర్సమ్ ఖాన్ ఆస్ట్రేలియాలో మ్యాచ్ ఆడుతూ గుండెపోటుకు గురై కన్నుమూశారు. ఆట వదిలేద్దామన్నంత దుఃఖంలో ఉన్న ఆ కుర్రవాణ్ణి, దాయాది సోదరుడు రెహ్మత్ ఖాన్ తన సొంత ఆటను పక్కన పెట్టి చేరదీసి, లండన్‌లో తీర్చిదిద్దారు. ఈ త్యాగాన్ని ఎంత చెప్పుకున్నా తక్కువే. రెండేళ్లకే, అంతవరకు నాలుగు ప్రపంచ ఓపెన్‌లు గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు జెఫ్ హంట్‌ను టొరంటోలో ఓడించి, జహంగీర్ 17 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యారు.

చివరికి 1986 ప్రపంచ ఓపెన్ ఫైనల్లో, ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో, న్యూజీలాండ్‌కు చెందిన రాస్ నార్మన్ ఆయన జైత్రయాత్రకు అడ్డుకట్ట వేశారు. ఏళ్ల తరబడి ఆయన చేతిలో ఓడుతూ కూడా వెంటపడడం మానని నార్మన్‌కు ఆ విజయం న్యాయంగానే దక్కింది. జహంగీర్ అంతటితో ఆగిపోలేదు. 1988లో పాకిస్థాన్‌కే చెందిన జాన్‌షేర్ ఖాన్‌ను ఓడించి ఆరో ప్రపంచ ఓపెన్ గెలిచారు, 1982 నుంచి 1991 వరకు వరుసగా పది బ్రిటిష్ ఓపెన్‌లు అందుకున్నారు.

ఇక ఒలింపిక్ పతకం సంగతి. ఆయన ఆడిన కాలంలో ఒలింపిక్స్‌లో స్క్వాష్ లేనే లేదు. 2002 నుంచి 2008 వరకు ప్రపంచ స్క్వాష్ సమాఖ్య అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయన అందుకోసం గట్టిగా వాదించినా, అప్పట్లో ఫలితం దక్కలేదు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్‌ను చేర్చాలని 2023లో నిర్ణయించారు.